జమ కాని పద్దు
(డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి పరిశోధన చరిత్ర)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభసమయమున వెలువడు ఈ సంచికకు నన్నును ఒక వ్యాసము వ్రాయుమని కార్యవర్గమువారు ఆదేశించిరి. నేను గ్రామమున లెక్కలు వ్రాసి జీవించువాడను. కళాశాల మెట్లెక్కి యెరుగను. భారత భాగవతములును, మనుచరిత్రమును ఈ గ్రంథాలయపు బల్లకడనే, ప్రక్కన నిఘంటువు నుంచుకొని, నాయంతట నేనే చదువుకొంటిని. కావున పాఠకులు నానుండి ఏ ప్రబంధమును గూర్చియో నాలుగు మాటలు ఆశింతురు. కాని నేను వ్రాయబోవునది ఒక వైద్యశాస్త్రజ్ఞుని గూర్చి. అందులకు కారణమును మొదట విన్నవించెదను.

పదునాలుగేండ్ల క్రిందట నా మేనకోడలికి, అప్పటికి ఆరేండ్ల పసిబిడ్డకు, విడువని జ్వరము పట్టెను. ఒడలు పాలిపోయెను. ఎక్కడ తాకినను చర్మము కమిలి నల్లబారుచుండెను. నగరమునందలి ఒక పెద్ద ఆసుపత్రిలో ఎముకలలోని మూలుగను తీసి పరీక్షించి, ఇది ల్యుకీమియా, అనగా రక్తక్యాన్సరు అని చెప్పిరి. చికిత్స రెండేండ్లకు పైగా సాగెను. బిడ్డను ఎత్తుకొని తిరుగుట మా చెల్లెలి వంతు. ఖర్చుల పద్దు వ్రాయుట నా వంతు. ఆ మందుల బిల్లులలో వారము వారము ఒక పేరు తప్పక వచ్చుచుండెను: మెథోట్రెక్సేట్. చిన్న పసుపుపచ్చని మాత్రలు. తక్కిన మందుల ప్రక్కన వాని వెల మిక్కిలి స్వల్పము. వెల తక్కువగుటచే అది అంత ముఖ్యమైనది కాదేమో యని తలచి, ఒకనాటి రాత్రి వార్డునందున్న యువవైద్యుని అడిగితిని. ఆయన నవ్వి, "మీది కోనసీమ అంటున్నారు. ఈ మందు మీ గోదావరివారి చలవేనండీ. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వినలేదా?" అనెను.

పేరు వినకపోలేదు. బడిపిల్లల వ్యాసరచన పోటీలలో వినబడు పేరే. కాని ఆయన చేసినదేమో నాకు తెలియదు. పదునెనిమిది పర్వములు చదివితినని మురిసినవాడను, మా బిడ్డ ప్రాణము నిలుపుచున్న మందు వెనుక నున్న మనిషిని ఎరుగనైతిని. ఆ సిగ్గుతోనే ఊరు చేరి, దొరికిన పుస్తకములన్నియు చదివి, ఆయన పరిశోధనలకు ఒక ఖాతా కట్టితిని. లెక్కలవానికి తెలిసిన ధర్మము ఒక్కటియే: ఎవరి జమ వారి పేర పడవలెను, తగ్గరాదు, హెచ్చరాదు. ఈ వ్యాసము ఆ ఖాతాకు నకలు.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మన సీమకు పడమట వసిష్ఠను దాటినచో అదే. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. బాల్యమున ఆయన చదువు చక్కగా సాగలేదు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశీయాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనము గడింపవచ్చునని ఇల్లు విడిచి బయలుదేరగా పెద్దలు పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్ష రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి గట్టెక్కిరి. ఈ మాట మన పిల్లలు వినదగినది. వారికంటె ముందు వారి తల్లిదండ్రులు వినదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియెట్ ముగించి, కొంతకాలము సన్న్యాసమువైపు మనసు పోనిచ్చి, తుదకు మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. ఆ చదువునకు ధనసహాయము చేసినవారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. పిదప వారి కుమార్తె శేషగిరిగారినే సుబ్బారావుగారు వివాహమాడిరి. అవి గాంధీమహాత్ముని పిలుపునకు దేశము మేల్కొన్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాశాలలోనికి ఖద్దరు దుస్తులతో వెళ్ళిరి. శస్త్రవైద్యాచార్యునికి అది గిట్టలేదు. పరీక్షలు చక్కగా వ్రాసినను ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు, దానికంటె తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చెను. ఆయన ఖాతాలో జమ తగ్గించి వ్రాయుట అక్కడనే ఆరంభమైనది.

ఆ కాలముననే ఆయన సోదరుడు పురుషోత్తమముగారు స్ప్రూ అను వ్యాధితో మరణించిరి. మన ఆయుర్వేదమువారు గ్రహణి అను జాతికి చెందిన వ్యాధి అది. తిన్నది ఒంటబట్టదు, నోరు పూయును, రక్తము క్షీణించును, మనిషి ఎండి రాలిపోవును. దానికి మందేమో నాటి వైద్యులకు తెలియదు. ఈ మరణము సుబ్బారావుగారి మనసున ముల్లువలె నిలిచెను.

డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచున్నను, ఆయన చూపు సముద్రములకు ఆవల నుండెను. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఉష్ణదేశ వ్యాధులను చదువవలెనని కోరిక. ప్రయాణమునకు మామగారు తోడ్పడిరి. కాకినాడయందలి మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థ సహాయము చేసెదమని మాట ఇచ్చెను. రంగూనున వర్తకము చేసి గడించిన సొమ్మును సత్యలింగనాయకరుగారు విద్యాదానమునకు విడిచిపోయిరి. మన రేవున పంటు ఎక్కి కోటిపల్లిలో దిగినచో కాకినాడ ఎంత దూరము? ఆ ధర్మపు సొమ్ము ఎంత దూరము ప్రవహించినదో పాఠకులు ముందు చూతురు.

1922 అక్టోబరులో ఆయన బోస్టను నగరము చేరిరి. చేత డబ్బు లేదు. రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల పరిచారకుడుగా పనిచేయుచు పగలు చదువుకొనిరి. డిప్లొమా పొందిన పిదప సైరస్ ఫిస్కె అను ఆచార్యునితో కలిసి పరిశోధనకు పూనుకొనిరి. 1925లో వారిరువురును రక్తమూత్రాదులలో భాస్వరము ఎంత ఉన్నదో రంగునుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ఫిస్కె-సుబ్బారావు పద్ధతి యని జీవరసాయనశాస్త్ర గ్రంథములలో నేటికిని దాని పేరు. ఆయన పేరు నిలిచిన పద్దులలో ఇది మొదటిది.

కొలబద్ద చేతికి వచ్చిన పిదప కొలువవలసినవి కనబడును. 1927లో కండరములయందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వారు కనుగొనిరి. ఎ.టి.పి.ని అదే యేట జర్మనీలో కార్ల్ లోమన్ అనునతడు వేరుగా కనుగొనెను. ఒడలిలో జరుగు ప్రతి పనికిని ఖర్చగు నాణెము ఈ ఎ.టి.పి. పడవవాడు గెడ వేసినను, గుండె కొట్టుకొన్నను ఈ నాణెమే చెల్లవలెను. 1930లో ఆయన హార్వర్డునుండి డాక్టరేటు పొందిరి. కాని అక్కడ స్థిరమైన ఉద్యోగము లభింపలేదు.

1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను ఊరనున్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, అచిరకాలముననే పరిశోధనలకు అధిపతి యైరి. అక్కడ పట్టిన మొదటి పని సోదరుని మరణమునకు సమాధానము వెదకుట. దీనికి ముందుకథ మన దేశముననే జరిగినది. లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణులకు కలుగు రక్తహీనతను పరీక్షించి, ఈస్టునుండి తీసిన సారముతో అది నయమగునని 1931లో ప్రకటించెను. అందున్న గుణమేమో ఆనాడు తెలియదు. తరువాత దానికే ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను. లెడర్లీ బృందము కాలేయమునుండి దానిని వేరుచేసి, తుదకు 1945లో రసాయనశాలలో దానిని కృత్రిమముగా తయారుచేసెను. ఆ ప్రకటనపై పదునాఱుగురి పేర్లు కలవు. సుబ్బారావుగారిది వానిలో ఒకటి. స్ప్రూ రోగులకు ఆ మందు ఇచ్చినంతట పాలిపోయిన మొగములకు రక్తము తిరిగివచ్చెను. ఇరువది సంవత్సరములకు పైగా మోసిన ఋణము తీరెను. నేడు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున గర్భిణులకిచ్చు ఇనుము మాత్రలో కూడియున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఇంక ల్యుకీమియా పద్దునకు వత్తము. ఈ వ్యాధిలో మూలుగయందు పుట్టు తెల్లకణములు ఎదుగకయే లెక్కకు మించి పెరిగి, మంచి రక్తము పుట్టుటకు చోటు లేకుండ చేయును. 1947 వరకు ఈ వ్యాధి తీవ్రముగా సోకిన పిల్లలు కొలది వారములలోనో మాసములలోనో మరణించుట నిశ్చయము. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు, రక్తహీనతను తీర్చు ఫోలిక్ ఆమ్లజాతి మందు ఈ రోగమునకును పనిచేయునేమో యని వాడి చూచెను. రోగము తగ్గుటకు మారు విజృంభించినట్లు తోచెను. అంతట ఆయన తలచినదేమనగా: ఇది చెడుకణములకు కూడ ఆహారమైనచో, ఆ ఆహారమును అడ్డగించినయెడల అవి మాడి చావవలెను గదా!

అడ్డగించు మందులు సుబ్బారావుగారి ప్రయోగశాలలో సిద్ధమగుచుండెను. డోరిస్ సీగరు అను రసాయనశాస్త్రజ్ఞురాలు మొదలగువారు అచట అమినోప్టెరిన్ అను దానిని నిర్మించిరి. అది అచ్చముగా ఫోలిక్ ఆమ్లమువలెనే యుండును. ఒకచోట మాత్రము భేదము. మా వృత్తి భాషలో చెప్పవలెనన్న, అది నకిలీ దస్తావేజు. కణము రెండుగా చీలుటకు ముందు తన జన్యుపదార్థమును మరల వ్రాసికొనవలెను. ఆ వ్రాతకు ఫోలిక్ ఆమ్లము కావలెను. దానిని పనికి సిద్ధపరచు ఒక ఎంజైము గుమాస్తావలె కణములో కూర్చుండి యుండును. నకిలీ కాగితము చేతికి రాగానే ఆ గుమాస్తా దానినే గట్టిగా పట్టుకొని విడువడు. అసలు పని నిలిచిపోవును. వడివడిగా చీలు కణములకు ఈ దెబ్బ ముందు తగులును. తల వెండ్రుకలును, నోటి పొరయు వేగముగా పెరుగునవే కావున వానికిని తగులును. మా బిడ్డ నోరు పూసి అన్నము తినలేక ఏడ్చిన దినములకు కారణము నాకు ఇది చదివిన పిదప తెలిసెను.

1947 చివర ఫార్బరు ఈ మందును పిల్లలకు ఇచ్చుట మొదలిడెను. 1948 జూనులో ఆయనయు సహచరులును ఫలితమును ప్రకటించిరి. పదునాఱుగురు పిల్లలలో పదిమందికి రోగము తగ్గుముఖము పట్టెను. అది తాత్కాలికమే, రోగము మరల వచ్చెను. ఐనను రక్తక్యాన్సరు మందుకు లొంగునని లోకము మొట్టమొదట నమ్మిన దినము అది. ఆ ప్రకటనకు రచయితలైనవారిలో సుబ్బారావుగారి పేరు లేదు. రసాయనమును సమకూర్చినవారుగా లోపల పేర్కొనబడిరి. అమినోప్టెరిన్‌కు తోబుట్టువుగా అదే ప్రయోగశాలలో పుట్టినది అమెథోప్టెరిన్. దానికే పిదప మెథోట్రెక్సేట్ అని పేరు.

ఇదే కాలమున మన సీమకు మరియొక మేలు జరిగినది. కాలువలు, చెరువులు, కొబ్బరితోటలు గల మన గడ్డపై దోమ కొదవలేదు. ఆ దోమ మోసిన ఫైలేరియా పురుగువలన బోదకాలు వచ్చిన పెద్దలను మనమందరము చూచియున్నాము. మా నాయనమ్మ కాలు అరటి బోదెవలె నుండెడిది. పెండ్లిండ్లకు పోవుటకు ఆమె సిగ్గుపడెడిది. 1947లో లెడర్లీ ప్రయోగశాలనుండి హెట్రజాన్ అను మందు వెలువడెను. అదియే డి.ఇ.సి. వాచిన కాలును అది మరల తీర్చిదిద్దలేదు. కాని రక్తమునందలి సూక్ష్మమైన పురుగుపిల్లలను నశింపజేసి, దోమ ద్వారా మరొకరికి అంటకుండ ఆపును. 2004 నుండి దేశమంతట ఫైలేరియా ఉన్న జిల్లాలలో ఏడాదికొకమారు ఇంటింట పంచబడిన మాత్ర అదే. ఆరోగ్య కార్యకర్త వాకిట నిలిచి మ్రింగుమన్నప్పుడు, పెరటిలోనికి పోయి ఉమిసినవారు మనలో లేకపోలేదు. ఆ మాత్ర వెనుక నున్న చరిత్ర తెలిసియుండినచో ఉమియకపోయెడివారము.

1948లో ఆయన ఆధ్వర్యముననే ఆరియోమైసిన్ అను జీవనాశకౌషధము వెలువడెను. టెట్రాసైక్లీను కుటుంబమునకు అది మొదటిది. దానిని మట్టిలోని సూక్ష్మజీవినుండి కనుగొన్నవాడు బెంజమిన్ డగ్గరు అను వృద్ధ శాస్త్రజ్ఞుడు. ఇక్కడ ఒక్క మాట చెప్పవలెను. మనవారు కొందరు అభిమానము కొలది పైన చెప్పినవన్నియు సుబ్బారావుగారు ఒక్కరే చేసిరని వ్రాయుచుందురు. అది సరి గాదు. డగ్గరు జమ డగ్గరుది, సీగరు జమ సీగరుది, ఫార్బరు జమ ఫార్బరుది. ఇతరుల జమను తెచ్చి మనవాని ఖాతాలో వేయుటయు దొంగలెక్కయే. అట్లు వేయుటవలన ఆయన పెరుగరు. చదివినవాడు మొత్తము ఖాతానే నమ్మకపోవును. నిజమైన జమయే చాల పెద్దది. సోదరుని రోగమునుండి బయలుదేరి ఫోలిక్ ఆమ్లమునకు, అందుండి ల్యుకీమియా మందునకు పోయిన దారిలో బృందమును నడపినవారు ఆయన.

ఫార్బరు ప్రకటన వెలువడి రెండు మాసములు దాటినవో లేదో, 1948 ఆగస్టులో, సుబ్బారావుగారు నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు ఏబదిమూడు. 1922లో విడిచిన జన్మభూమికి ఆయన మరల రాలేదు. భార్య శేషగిరిగారు ఇచట ఎదురుచూచుచునే యుండిరి. లోకమునకు కలిగిన లాభమును వ్రాయునపుడు ఆమె వంతు పడిన ఖర్చును వ్రాయకుండుట న్యాయము కాదని, ఈ ఒక్క వాక్యము ఆమె పేర వ్రాయుచున్నాను.

ఆయన పోయిన పిదప మందు తన దారిన తాను నడచెను. 1956లో లీ, హెర్ట్జ్ అను వైద్యులు గర్భసంబంధమైన ఒక జాతి క్యాన్సరును మెథోట్రెక్సేట్‌తో నయము చేసినట్లు తెలిపిరి. ల్యుకీమియాకు దీనిని ఇతర ఔషధములతో కలిపి ఇచ్చు పద్ధతి క్రమముగా ఏర్పడెను. నేడు సంపన్న దేశములలో లింఫాయిడ్ జాతి ల్యుకీమియా సోకిన పిల్లలలో నూటికి సుమారు 90 మంది బ్రతుకుచున్నారు. ఈ మందు ఆ చికిత్సలో నేటికిని తన చోటు విడువలేదు.

వ్యాధి ఏల వచ్చుననుట వేరొక ప్రశ్న. 1960లో ఫిలడెల్ఫియాలో నోవెల్, హంగర్‌ఫర్డ్ అనువారు ఒక జాతి ల్యుకీమియా రోగుల కణములలో పొట్టిదైన ఒక క్రోమోసోమును చూచిరి. 1973లో జానెట్ రౌలీ అను విదుషి దాని గుట్టు విప్పెను. 9వ క్రోమోసోము తునకయు 22వ దాని తునకయు పరస్పరము చోట్లు మారినవి. రెండు సర్వే నంబర్ల చివరలు త్రుంచి ఒకదాని కొకటి అతికినచో పటమంతయు తారుమారగును గదా! అట్లు అతుకుకొన్న చోట ఏబీఎల్ అను జన్యువు కలదు. ఎలుకలకు ల్యుకీమియా కలిగించు ఒక వైరసులోని ఏబీఎల్ జన్యువును అక్షరము వెంట అక్షరముగా చదివి 1983లో ప్రకటించిన బృందమునకు ముందు నడచినవారు మన తెలుగువారైన డాక్టరు ఇ. ప్రేమ్‌కుమార్ రెడ్డిగారు. ఆ జన్యువు చేయించు దుష్కార్యమును ఆపు ఇమాటినిబ్ అను మాత్రకు అమెరికాలో 2001లో అనుమతి లభించెను.

మూడవ దారి రోగనిరోధక శక్తిది. సుబ్బారావుగారి మందు ఇక్కడను అడుగిడెను. మన రక్షణకణములు తప్పుదారి పట్టి సొంత కీళ్ళనే కొరుకు వాతరోగమునకు మెథోట్రెక్సేట్‌ను స్వల్పమాత్రలో ఇచ్చుట 1988లో అమెరికాలో ఆమోదింపబడెను. మన ఊళ్ళలోను దీనిని వాడువారు కలరు. కీళ్ళకు దీనిని వారమునకు ఒక్కనాడే వాడుదురు. పొరపాటున దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. ఇంటివారు దీనిని గుర్తుంచుకొనవలెను. ఇక రోగి రక్షణకణములనే బయటికి తీసి, వానికి ల్యుకీమియా కణమును గుర్తించు నేర్పును జన్యుమార్గమున కల్పించి, మరల ఎక్కించు చికిత్సకు అమెరికాలో 2017లో అనుమతి వచ్చెను. బొంబాయి ఐ.ఐ.టి.లోను, టాటా స్మారక ఆసుపత్రిలోను రూపొందిన అట్టి స్వదేశీ చికిత్సకు 2023లో మన ప్రభుత్వము అనుమతి ఇచ్చెను.

ఆయన పేర లోకము నిలిపినవి ఏవి? ఆయన సహోద్యోగి యొకడు 1953లో ఒక బూజు జాతికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టెను. శతజయంతి వత్సరమైన 1995లో భారత తపాలా శాఖ ఒక బిళ్ళ వెలువరించెను. ఒక బూజు, ఒక బిళ్ళ! వీనిని నేను తక్కువ చేయను. కాని నాలుగు గోదావరి పాయల నడుమ ప్రతి ఇంటను ఆయన మందు ఏదో ఒకటి అడుగు పెట్టియుండగా, ఆ ఇంట ఆయన పేరు అడుగు పెట్టకుండుట మన లెక్కలలోని లోపము గాని లోకపు లోపము గాదు.

మా మేనకోడలు నేడు ఇరువదియేండ్లది, డిగ్రీ చదువుచున్నది, మన గ్రంథాలయమునకు చందాదారు. ఈ వ్యాసము చిత్తుప్రతిని ఆమెయే చదివి, "మామయ్యా, ఈ చికిత్స అందక పోయినవాళ్ళ సంగతి వ్రాయలేదేం?" అని అడిగినది. ఆమె వార్డులో ప్రక్క మంచమున నున్న బాలుడు తిరిగి ఇంటికి రాలేదు. మందు వెల స్వల్పమే. కాని వ్యాధిని వేళకు గుర్తించు వైద్యుడు, చికిత్స ముగియువరకు నగరమున నుండుటకు చాలిన సొమ్ము, జ్వరమని ఉపేక్షింపని ఇల్లు, ఇవి స్వల్పములు కావు. ఆ బాలుని పద్దు ఇంకను ముగియలేదు. దానిని నేను ముగింపజాలను. విడువని జ్వరము, పాలిపోయిన మొగము, కారణములేని కమిలిన మచ్చలు బిడ్డయందు కనబడినచో, ఆలసింపక రక్తపరీక్ష చేయింపుడని మాత్రము చదువరులను వేడుకొనుచున్నాను.

గ్రంథాలయమువారికి నా విన్నపము ఒక్కటి. సుబ్బారావుగారి జీవితమును, పరిశోధనలను తెలుపు గ్రంథములకు ఒక అర ప్రత్యేకించి, మెట్రిక్యులేషను రెండుమారులు తప్పిన మాటను కూడ దాచక దానిపై వ్రాయవలెను. పరీక్ష తప్పిన పిల్లవాడు ఒకడు దానిని చూచి మరల పుస్తకము తెరచిన నాడు, ఈ రజతోత్సవమునకు ఖర్చైన ప్రతి రూపాయియు జమ పడినట్లే.

స్వస్తి.